మార్కులు ఎవరికి?
మంత్రసానుల శిక్షణ, పరీక్షల చరిత్ర

1990ల నడిమధ్యలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్న రోజులు. తెలంగాణలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో పదిహేను, ఇరవై మంది మంత్రసానులు చాప మీద కూర్చుని ఉన్నారు. శిక్షణ అయిపోయింది, చివరిరోజు పరీక్ష. వాళ్ళలో చదువొచ్చినవాళ్ళు లేరు కాబట్టి నేను ప్రశ్న చదవాలి, వాళ్ళు చెప్పింది విని కాగితం మీద టిక్కు పెట్టాలి. సరైన జవాబులు ఏమిటో నా చేతిలో ఇంకో కాగితం మీద ఉన్నాయి.

"బొడ్డు ఎప్పుడు కొయ్యాలె అవ్వా?" అని ఒక పెద్దావిడను అడిగాను.

"మాయ పడ్డంక."

నా కాగితం మీద "బిడ్డ పుట్టిన వెంటనే" అని ఉంది. తప్పు పెట్టాను. నేను పెన్ను కదిలించిన తీరు చూసే ఆమెకి అర్థమైపోయింది. కాసేపు నా మొహం చూసి, కోపం లేకుండానే అడిగింది.

"నువ్వెన్ని కాన్పులు చేసినవ్ బిడ్డా?"

ఒక్కటీ చెయ్యలేదు. అప్పటికి ఒక్కటి చూడనుకూడా లేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ తప్పు మార్కు అలాగే ఉండిపోయింది. రిపోర్టులో "శిక్షణకు ముందు ఇంత శాతం, శిక్షణ తర్వాత ఇంత శాతం" అని పట్టిక వేశాం. అందులో అవ్వ కూడా ఒక అంకె.

ఆ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. పని చేసే ఆడవాళ్ళకి పని వచ్చో రాదో తేల్చే అధికారం పని చెయ్యని వాళ్ళ చేతికి ఎప్పుడు వచ్చింది? ఎలా వచ్చింది? ఈ వ్యాసం దాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన దారి.

* * *

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే అని మన సామెత. దాన్ని ఎగతాళిగానే వాడతాం. కానీ అందులో ఒక వృత్తిధర్మం ఉంది. పిలిచిన ఇంటికి అర్ధరాత్రయినా వెళ్ళాలి. బిడ్డ తలే రానీ కాలే రానీ, బతికి రానీ చచ్చి రానీ, పట్టుకోవాలి. రక్తం, మాయ, మైల అన్నీ ఆమె చేతుల మీదుగానే పోవాలి. ఆ మైల వల్లనే అది కింది కులాల ఆడవాళ్ళ పని అయింది. చాలా ఊళ్ళలో మంగలి, చాకలి, మాదిగ, మాల ఇళ్ళలో అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి కూతురికి వచ్చేది. కూలీ అంటే కొన్ని గింజలు, ఒక పాత చీర, కొన్నిచోట్ల కాస్త కల్లు.

ఆ పని నేర్చుకోవడంలో పరీక్ష లేదనుకుంటే పొరపాటు. కోడలు ముందు నీళ్ళు కాచేది. తర్వాత నడుము పట్టేది. ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు అత్త పక్కకి జరిగి "నువ్వు పట్టు" అనేది. ఆ ఒక్కమాటే ఆమెకి సర్టిఫికెట్. అది ఎప్పుడనాలో అత్తకి తెలుసు, ఎందుకంటే ఆమె ఏళ్ళ తరబడి కోడలి చేతుల్ని చూసింది. ఆ తర్వాత ఊరు పెట్టే పరీక్ష ఎలాగూ ఉంటుంది. చెయ్యి మంచిది కాదని పేరొస్తే మళ్ళీ పిలవరు.

ఇదంతా గొప్పగా ఉండేదని చెప్పడం నా ఉద్దేశం కాదు. కొడవలితో బొడ్డు కోసిన చోట్లున్నాయి. కోసిన బొడ్డు మీద పేడ, బూడిద అద్దిన చోట్లున్నాయి. పుట్టిన వారంలోపే ధనుర్వాతంతో కొయ్యబారిపోయి చనిపోయిన పసిబిడ్డలు లెక్కలేనంత మంది. ఆ అనుభవాన్ని పొగడటానికి మనకి హక్కు లేదు. కానీ ఆ పరిస్థితికి నేరస్థురాలిగా ఒక్క మంత్రసానినే నిలబెట్టిన చరిత్రని మాత్రం ప్రశ్నించాలి.

* * *

దాయీలకి శిక్షణ ఇవ్వాలన్న ప్రయత్నాలు 1860లలోనే అమృత్‌సర్‌లో మొదలయ్యాయి. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫ్రిన్ పేరుతో ఒక నిధి వచ్చింది. ఆడవాళ్ళకి ఆడ డాక్టర్లనీ, నర్సులనీ, మంత్రసానులనీ తయారు చెయ్యడం దాని లక్ష్యం. 1903లో ఇంకో వైస్రాయి భార్య లేడీ కర్జన్, ప్రత్యేకించి నాటు దాయీల శిక్షణ కోసమే విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్ నిధిని మొదలుపెట్టింది.

ఆ నిధి తరఫున 1918లో భారతదేశంలో ప్రసవ పరిస్థితులని మెరుగుపరచడం గురించి ఒక పుస్తకం వచ్చింది. దేశంలో రకరకాల చోట్ల పనిచేసిన డాక్టరమ్మలు, నర్సులు రాసిన అనుభవాల సంకలనం అది. దాన్ని నేను ఒక పరీక్ష పేపరులాగానే చదువుతాను. దాయి మురికిగా ఉంటుంది, మొండిగా ఉంటుంది, చెప్తే వినదు, తరగతికి రాదు అన్న ఫిర్యాదులు అందులో పదే పదే వస్తాయి. ఆమె తరగతికి వస్తే ఆ రోజు కూలీ ఎవరిస్తారు? ఆమె పాఠం వింటున్నప్పుడు ఊళ్ళో కాన్పు వస్తే ఆ గింజలు ఎవరికి పోతాయి? అందుకే చాలాచోట్ల హాజరుకి డబ్బులిచ్చి రప్పించాల్సి వచ్చింది. అంటే ఆమె బద్ధకానికి కాదు, ఆకలికే జవాబు చెప్పాల్సి వచ్చిందన్నమాట.

1927లో కాథరీన్ మేయో తన 'మదర్ ఇండియా'లో దాయిని దేశం మొత్తం అనాగరికతకి గుర్తుగా నిలబెట్టింది. ఆ పుస్తకాన్ని జాతీయవాదులు చీల్చి చెండాడారు. గాంధీ దాన్ని మురుగు కాల్వల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు అన్నాడు. కానీ ఆ వాదంలో దేశం పరువు కోసం మాట్లాడినంతగా దాయి పరువు కోసం మాట్లాడినవాళ్ళు అరుదు. చదువుకున్న హిందూ మధ్యతరగతికీ, తెల్లదొరసానులకీ ఎన్నో విషయాల్లో పడకపోయినా మంత్రసాని విషయంలో మాత్రం చాలావరకు ఏకాభిప్రాయమే.

1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. అప్పటికి కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఆ చట్టంతో మంత్రసాని అనే మాట రెండు ముక్కలయింది. పరీక్ష పాసయి రిజిస్టరులో పేరెక్కిన 'మిడ్‌వైఫ్' ఒకరు, రిజిస్టరు బయట మిగిలిపోయిన 'నాటు మంత్రసాని' ఇంకొకరు. పని ఒకటే, కానీ తెలివి ఒకరిది, మూఢత్వం ఇంకొకరిది.

* * *

స్వాతంత్ర్యం వచ్చేముందు 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ, శిక్షణ పొందిన మంత్రసానులు చాలినంత మంది వచ్చేదాకా దాయీలకి తర్ఫీదు ఇచ్చి నెట్టుకురావాలని చెప్పింది. అంటే తాత్కాలిక ఏర్పాటు. ఆ తాత్కాలికం యాభై ఏళ్ళు సాగింది.

దానికి పక్కా రూపం వచ్చింది 1977 గ్రామీణ ఆరోగ్య పథకంతో. ఆ పథకం వివరాలు మన ఆడవాళ్ళ శ్రమ చరిత్రలో భద్రపరుచుకోవాల్సినవి. 30 పనిదినాల శిక్షణ. శిక్షణ కాలానికి మొత్తం 300 రూపాయల స్టైపెండు. వారానికి 2 రోజులు ఆరోగ్య కేంద్రంలో పాఠం, మిగిలిన 4 రోజులు ఆరోగ్య కార్యకర్త వెంట ఊళ్ళు తిరగడం. శిక్షణలో కనీసం 2 కాన్పులు కార్యకర్త పర్యవేక్షణలో చెయ్యాలి. పాసయితే ఒక సర్టిఫికెట్, ఒక కాన్పు కిట్టు. తర్వాత నమోదయిన ప్రతి కాన్పుకీ 10 రూపాయలు, నమోదు చేయించిన ప్రతి బిడ్డకీ 3 రూపాయలు.

వందల కాన్పులు చేసిన అవ్వ 2 కాన్పులు చేసి చూపించాలి. ఎవరికి? చాలాసార్లు అప్పుడప్పుడే కోర్సు ముగించుకుని ఉద్యోగంలో చేరిన 20 ఏళ్ళ ఎ.ఎన్.ఎం.కి. ఆ అమ్మాయిని తప్పుపట్టడం లేదు. ఆమె పక్కవూరి సబ్‌సెంటరులో ఒంటరిగా ఉండి, మగవాళ్ళ మాటలు పడి, కుటుంబ నియంత్రణ టార్గెట్ల కింద నలిగి పనిచేసిన మనిషి. ఒక ఆడమనిషి చేత ఇంకో ఆడమనిషికి పరీక్ష పెట్టించి, ఇద్దరికీ మార్కులు వేసేవాడు మాత్రం పైన ఎక్కడో కూర్చున్నాడు.

ఆ పథకం విజయాన్ని ఎలా కొలిచారు? ఎంతమందికి శిక్షణ ఇచ్చాం, ఎన్ని కిట్లు పంచాం అనే లెక్కతో. అవి ఇచ్చినవాళ్ళ లెక్కలు. నేర్చుకున్నవాళ్ళ లెక్క ఎక్కడా లేదు.

* * *

ఇక్కడ కాస్త దారి మళ్ళి, నేను ఆ రోజు చేతిలో పట్టుకున్న కాగితం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఫ్యాక్టరీల్లోంచి మగవాళ్ళు సైన్యానికి పోతే, అంతకుముందు ఎప్పుడూ యంత్రం ముట్టుకోని ఆడవాళ్ళు లక్షల్లో వచ్చి చేరారు. వాళ్ళకి త్వరగా పని నేర్పడానికి 1940లో 'పరిశ్రమలోనే శిక్షణ' అనే కార్యక్రమం పెట్టారు. దాని పద్ధతి నాలుగు మెట్లు. నేర్చుకునే మనిషిని సిద్ధం చెయ్యి, పని చేసి చూపించు, ఆమె చేత చేయించు, తర్వాత వెనక ఉండి కనిపెట్టు. దాని సూత్రం నాకు చాలా ఇష్టం. పనివాడికి పని రాలేదంటే నేర్పినవాడు నేర్పలేదని అర్థం. అంటే పరీక్ష మొదట నేర్పేవాడికే.

యుద్ధం అయిపోయింది. ఆడవాళ్ళలో చాలామందిని ఇళ్ళకి పంపేశారు. 1959లో డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ అధ్యాపకుడు శిక్షణని ఎలా అంచనా వెయ్యాలో వ్యాసాలు రాయడం మొదలుపెట్టాడు. ఆయన చెప్పినవీ నాలుగు మెట్లే. శిక్షణ వాళ్ళకి నచ్చిందా? ఏమైనా నేర్చుకున్నారా? తిరిగి పనిలోకి వెళ్ళాక చేసే తీరు మారిందా? దానివల్ల ఫలితం ఏమైనా వచ్చిందా? తర్వాత ప్రపంచమంతా కంపెనీలూ, ప్రభుత్వాలూ, మాలాంటి స్వచ్ఛంద సంస్థలూ ఈ నాలుగు మెట్లనే ఏదో ఒక రూపంలో వాడాయి.

కానీ మేమంతా సాధారణంగా రెండో మెట్టు దగ్గరే ఆగిపోయేవాళ్ళం. మొదటి మెట్టు తేలిక, భోజనం బాగుందా అని అడిగితే చాలు. రెండోది కూడా తేలికే, మొదటిరోజు ఒక కాగితం, చివరిరోజు అదే కాగితం. మూడో మెట్టు ఎక్కాలంటే అవ్వ ఊరికి వెళ్ళాలి, ఆమె కాన్పు చేస్తుంటే రాత్రంతా పక్కన కూర్చోవాలి. నాలుగో మెట్టు ఎక్కాలంటే ఊళ్ళో తల్లీ బిడ్డల చావుపుట్టుకలన్నీ ఏళ్ళ తరబడి రాసుకోవాలి. ప్రాజెక్టు మూడేళ్ళదే అయినప్పుడు అంత ఓపిక ఎవరికుంటుంది?

* * *

ఓపిక ఉన్నవాళ్ళు అరుదుగానైనా ఉన్నారు. మన ఆదిలాబాదుకి ప్రాణహిత అవతలి ఒడ్డున ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ ఊరి ఆడవాళ్ళకే పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి రాసిన లెక్కల్ని పర్యవేక్షకులు వెళ్ళి సరిచూసేవారు. 1999లో లాన్సెట్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. పోల్చి చూసిన ఊళ్ళ కంటే అక్కడ నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయి. ఆ ఊరి ఆడవాళ్ళ చదువు చాలా తక్కువ. నాలుగో మెట్టు మీద వాళ్ళకి వచ్చిన మార్కులు ఇవి.

2005లో పాకిస్తాన్‌లోని లర్కానా నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. అక్కడ దాయీలకి శిక్షణ ఇచ్చి, కిట్లు ఇచ్చి, వాళ్ళని ఆరోగ్య వ్యవస్థతో కలిపారు. సుమారు 20 వేల మంది గర్భిణుల లెక్క చూస్తే, కాన్పు సమయానికి అటూ ఇటూ జరిగే శిశుమరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. తల్లుల మరణాలు కూడా తగ్గినట్టే కనిపించాయి గానీ, నమ్మకంగా చెప్పగలిగినంత తేడా రాలేదు.

ఈ చివరి వాక్యంలోనే అసలు కథంతా ఉంది. తల్లులు ఎందుకు చనిపోతారు? ఆగని రక్తస్రావంతో, అడ్డం తిరిగిన బిడ్డతో, బీపీ పెరిగి వచ్చే వాతంతో. వీటికి కావాల్సింది రక్తం, ఆపరేషను, మందు, అర్ధరాత్రి దొరికే బండి. అవ్వకి వంద శాతం మార్కులొచ్చినా ఆమె కొంగున రక్తం సీసా ఉండదు. అయినా ఏళ్ళ తరబడి అంతర్జాతీయ సమావేశాల్లో, దాయీల శిక్షణ వల్ల తల్లుల మరణాలు తగ్గలేదు, కాబట్టి శిక్షణ విఫలమయింది అనే మాట వినబడింది. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల, ప్రసూతి వైద్యుల సంఘాలతో కలిసి 'నైపుణ్యం గల సహాయకులు' అంటే ఎవరో నిర్వచించింది. శిక్షణ పొందినా పొందకపోయినా సంప్రదాయ మంత్రసానికి అందులో చోటు లేదు. రోడ్డు లేకపోవడం, ఆసుపత్రిలో డాక్టరు లేకపోవడం, బ్లడ్ బ్యాంకు లేకపోవడం, వీటన్నిటికీ పడాల్సిన సున్నాలు ఆమె కాగితం మీద పడ్డాయి.

ఆమె పాసయిన పరీక్ష గురించి అంత గట్టిగా ఎవరూ చెప్పలేదు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, ఏమీ పూయని బొడ్డు. ఈ పాఠం మంత్రసానుల దాకా, తల్లుల దాకా వెళ్ళింది. గర్భిణులకి టీకాలు అందాయి, ఆసుపత్రి కాన్పులు పెరిగాయి. పసిబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ధ్రువీకరణ పొందిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, 2003లో. దేశం మొత్తానికి 2015లో ఆ గుర్తింపు వచ్చింది. ఆ విజయంలో టీకా వాటా ఎంతో, మంత్రసాని బ్లేడు వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. కానీ సన్మాన సభల్లో శాలువా ఆమె దాకా రాలేదు.

* * *

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. ఆసుపత్రి కాన్పుకి నగదు ప్రోత్సాహం వచ్చింది. ఊరికి ఒక ఆశా కార్యకర్త వచ్చింది. మంత్రసాని పేరు కాగితాల మీద నుంచి మెల్లగా చెరిగిపోయింది. ఆశాకి చదువుంది, మాడ్యూళ్ళున్నాయి, ప్రతి మాడ్యూలు చివరా పరీక్ష ఉంది. కొంతకాలానికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా సర్టిఫికెట్ పరీక్ష కూడా వచ్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలందరికీ కలిపి ఒక అవార్డిచ్చింది. ఇన్ని పరీక్షలు పాసయినా పథకం భాషలో ఆమె స్వచ్ఛంద సేవకురాలే. ఉద్యోగికి పెట్టే పరీక్షలన్నీ ఆమెకి పెడతారు, ఉద్యోగి అన్న పేరు మాత్రం ఇవ్వరు. నమోదుకి ఇంత, కాన్పుకి ఇంత అని పనికో లెక్క. 10 రూపాయల, 3 రూపాయల మంత్రసాని లెక్క రూపు మార్చుకుని వచ్చిందంతే.

ఇంకో వైపు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మంచిదే. కానీ మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇది 80 శాతం దాటింది. ఇంతమంది ఆడవాళ్ళ కడుపులు కోయాల్సిన అవసరం ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు. మరి ఈ లెక్కకి ఎవరు పరీక్ష రాశారు? ఎవరి కాగితం మీద తప్పు పడింది? సర్టిఫికెట్ లేని అవ్వ చేతిలో ఒక్క చావు జరిగితే ఊరంతా, రాజ్యమంతా ఆమెని నిలదీసింది. గోడ నిండా సర్టిఫికెట్లున్న చోట అవసరం లేని కోతలు లక్షల్లో జరిగితే దాన్ని 'ధోరణి' అంటున్నాం.

ఈ కోతల్ని తగ్గించడానికే 2017లో కరీంనగర్‌లో నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలయింది. 2018లో కేంద్రం కూడా మిడ్‌వైఫరీ సేవలకి మార్గదర్శకాలు ఇచ్చింది. తొందరపెట్టకుండా నొప్పులు పడనివ్వడం, నడవనివ్వడం, కూర్చుని కననివ్వడం, పక్కన ఒక తోడు మనిషి ఉండటం, ఇవీ ఆ పాఠాలు. అవి చదువుతుంటే నాకు ఆ వరండా గుర్తొచ్చింది. మేం ఇచ్చిన బొమ్మల కార్డుల్లో కూర్చుని కనే ఆడమనిషి బొమ్మ మీద ఎర్ర గీత ఉండేది. వెల్లకిలా పడుకున్న బొమ్మ పక్కన పచ్చ టిక్కు ఉండేది.

బొడ్డు సంగతి కూడా అంతే. బిడ్డ పుట్టాక కనీసం 1 నిమిషం ఆగి, 3 నిమిషాలలోపు బొడ్డు బిగించడం మంచిదని, దానివల్ల బిడ్డకి రక్తం అందుతుందని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. అవ్వ చెప్పినట్టు మాయ పడేదాకా ఆగాలని కాదు. బిడ్డ ఊపిరి తీసుకోకపోతే అలా ఆగడం ప్రమాదం కూడా. కానీ "వెంటనే" అన్న నా జవాబు కూడా తప్పే. ఆ ప్రశ్నకి ఇద్దరం ఫెయిలయ్యాం. తేడా ఏమిటంటే, ఆమె తప్పు రిపోర్టులోకి ఎక్కింది, నాది ఎక్కలేదు.

* * *

పని చేసేవాళ్ళు ఏం నేర్చుకున్నారో తెలుసుకోవద్దని నేను అనడం లేదు. కాన్పు గదిలో తెలియనితనం ప్రాణాలు తీస్తుంది. పరీక్ష కావాలి. కానీ అది ఎవరు ఎవరికి పెడుతున్నారు, ఏ మెట్టు దగ్గర ఆగుతున్నారు, తప్పు తేలాక ఎవరు దిద్దుకోవాలి అన్నవి కూడా ఆ పరీక్షలోని ప్రశ్నలే కావాలి. పనిలో ఆమె చేతుల్ని చూడకుండా కాగితం మీద ఆమె తెలివి తేల్చకూడదు. ఆమె చేతుల్లో లేని ఫలితాన్ని ఆమె ఖాతాలో వెయ్యకూడదు. అన్నిటికంటే ముందు, ఆమెకి ఇప్పటికే ఏం తెలుసో అడగాలి. ఆ వరండాలో అన్ని ప్రశ్నల్లో ఆ ఒక్క ప్రశ్నే లేదు.

అత్త "నువ్వు పట్టు" అన్నప్పుడు తను వెళ్ళిపోయేది కాదు. పక్కనే కూర్చునేది. కోడలి చెయ్యి తడబడితే తన చెయ్యి అడ్డం పెట్టేది. బిడ్డ దక్కకపోతే ఆ పాపం ఇద్దరిదీ.

ఆ అవ్వ ఊరు నాకు గుర్తుంది, పేరు గుర్తులేదు. రిపోర్టులో మేం పేర్లు రాయలేదు, సీరియల్ నంబర్లే వేశాం.